రోజూ తొక్కే సైకిలుకు హబ్ గేర్లు, డిస్క్ బ్రేకులు: ఏవి ఎవరికి సరిపోతాయి

ఆఫీసుకో కాలేజీకో సైకిలు మీద వెళ్లి రావాలని నిశ్చయించుకున్నాక, చైనును ఒక పళ్ల చక్రం మీంచి మరొకదాని మీదికి జరిపే మామూలు డిరైలర్ గేర్లకు బదులు వెనుక చక్రం హబ్బులోనే ఇమిడిపోయే గేర్లు తీసుకోవాలా, రిమ్మును పట్టే బ్రేకులకు బదులు హబ్బుకు బిగించిన లోహపు పళ్లేన్ని పట్టే డిస్కు బ్రేకులు తీసుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. చాలామంది ఈ రెండింటినీ వేర్వేరుగా ఆలోచిస్తారు. కానీ వెనుక చక్రం దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే ప్రశ్నగా మారిపోతాయి, ఎందుకంటే డిస్కును బిగించవలసింది గేర్ల హబ్బుకే, ఆ హబ్బు పట్టవలసింది మీ ఫ్రేములోనే, పైగా చైను బిగువు కోసం చక్రాన్ని వెనక్కి జరిపినప్పుడల్లా డిస్కు కూడా దానితోపాటు జరుగుతుంది. అందువల్ల గేర్ల సంఖ్య, బ్రాండు, ధర అనే మూడింటికంటే ముందు ఫ్రేము వెనుక భాగాన్ని చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

హబ్ గేర్లు పనిచేసే తీరు తెలిస్తే ఎంపిక సులువవుతుంది. హబ్బు మధ్యలో కదలని ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి ఉండే లోపలి పళ్ల వలయం ఉంటాయి. వీటిలో దేని ద్వారా బలం లోపలికి వెళ్లి, దేని ద్వారా బయటికి వస్తుందో గేరు వైరు నిర్ణయిస్తుంది. చైను ఎప్పుడూ ఒకే పళ్ల చక్రం మీద తిన్నగా నడుస్తుంది, గేర్లు మారేదంతా గ్రీజులోనో నూనెలోనో మూసిన డబ్బాలో జరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిపోయిన తరువాత కూడా, పెడల్ తొక్కకుండానే, గేరును తేలిక చేసుకోవచ్చు. నగరంలో తొక్కేవారికి ఇంతకంటే ఉపయోగపడే గుణం మరొకటి లేదు. అందుకు చెల్లించే మూల్యం రెండు విధాలు. ఒకటి, వెనుక చక్రం బరువు అర కిలో నుంచి కిలో వరకు పెరుగుతుంది. రెండు, లోపలి పళ్ల రాపిడి వల్ల శుభ్రంగా ఉన్న డిరైలర్‌తో పోలిస్తే సగటున రెండు శాతం దాకా శ్రమ వృథా అవుతుంది. అయితే వానలో తడిసి దుమ్ము పట్టిన డిరైలర్ చైను ఆ రెండు శాతాన్ని తానే మింగేస్తుంది కాబట్టి, రోజువారీ ప్రయాణంలో ఈ తేడాను లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

## ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

దారి. మీరు రోజూ వెళ్లే దారిలో అన్నిటికంటే నిటారైన ఎక్కుడు ఏది? కాకినాడ, అమలాపురం, భీమవరం వంటి గోదావరి డెల్టా ఊళ్లలో వంతెనలే కొండలు. హైదరాబాద్ అలా కాదు, దక్కన్ రాతి గుట్టల మీద వెలసిన నగరం కాబట్టి ఖాజాగూడ, జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ దారుల్లో ఎక్కుడూ దిగుడూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు చదును, అక్కడి నుంచి కైలాసగిరి వైపో సింహాచలం వైపో మళ్లితే కొండే. సగటు దారిని బట్టి కాక, ఆ ఒక్క కఠినమైన ఎక్కుడును బట్టి అతి తేలిక గేరును నిర్ణయించుకోవాలి.

వాన, దుమ్ము, ఉప్పు గాలి. వానాకాలంలో కూడా సైకిలు బయటికి తీసేవారికి, ఎండాకాలంలో మాత్రమే తొక్కేవారికి ఒకే సలహా పనికిరాదు.

బాగుచేసేవారు. హబ్ గేర్లు విప్పి చూసిన మెకానిక్కులు మన ఊళ్లలో అరుదు. అవి చెడిపోవడం కూడా అరుదే, కానీ చెడితే విడిభాగం దిగుమతి చేసుకోవలసి వస్తుంది. వైరు సర్దుబాటు, చక్రం విప్పడం, బిగించడం అనే మూడు పనులు మీరే నేర్చుకోవడానికి సిద్ధపడకపోతే హబ్ గేర్ల జోలికి వెళ్లకండి.

హ్యాండిల్. తిన్నని హ్యాండిల్‌కు అన్ని రకాల గేరు మీటలూ దొరుకుతాయి. రోడ్ సైకిలు వంపు హ్యాండిల్‌కు మాత్రం వైరుతో నడిచే హబ్ గేర్ల మీటలను జపాను కంపెనీ షిమానో తయారు చేయదు, బయటి కంపెనీల ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాలి. ఈ ఒక్క చిక్కే చాలామంది రోడ్ సైకిలు ఆలోచనలను మధ్యలో ఆపేస్తుంది.

## ఫ్రేము ఏం ఒప్పుకుంటుంది

వెనుక చక్రం ఇరుసు కూర్చునే రెండు గాళ్ల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. డిస్కు బిగించదగిన షిమానో అల్ఫైన్ రకం గేర్ల హబ్బులకు 135 మి.మీ. కావాలి. పాత రోడ్ సైకిళ్లలో 126 లేక 130 ఉంటుంది. ఉక్కు ఫ్రేము అయితే అనుభవమున్న ఫ్రేము పనివాడు ఆ దూరాన్ని కొద్దిగా పెంచి ఇవ్వగలడు, అల్యూమినియం, కార్బన్ ఫ్రేములతో ఆ ప్రయత్నం చేయకూడదు. ఇప్పుడు వస్తున్న డిస్కు రోడ్ సైకిళ్లలో ఎక్కువ భాగం 142 మి.మీ. వెడల్పుతో, 12 మి.మీ. మందమున్న ఇరుసు ఫ్రేములోంచి దూర్చి మరలా బిగించే పద్ధతిలో ఉంటాయి. నట్లతో బిగించే షిమానో హబ్బులు, అల్ఫైన్ గానీ నెక్సస్ గానీ, అందులో పట్టవు. దుకాణంలో కొత్త డిస్కు రోడ్ సైకిలు కొని, తరువాత తీరిగ్గా హబ్ గేర్లు వేయించుకుందామనుకునేవారు ఈ మాటను డబ్బు కట్టకముందే గుర్తుంచుకోవాలి.

రెండో విషయం ఆ గాడి ఆకారం. డిరైలర్‌లో చైను వదులును స్ప్రింగు చెయ్యి లాగి పట్టుకుంటుంది. హబ్ గేర్లలో ఆ చెయ్యి ఉండదు కాబట్టి, చైను సాగినప్పుడల్లా చక్రాన్ని వెనక్కి జరిపి బిగించుకోవాలి. గాడి అడ్డంగా ఉంటే అది సాధ్యం. నిలువుగా, కిందికి తెరుచుకొని ఉంటే సాధ్యం కాదు, అప్పుడు చైనును లాగి పట్టే టెన్షనర్ ఒకటి ప్రత్యేకంగా తగిలించుకోవాలి. అది పనిచేస్తుంది గానీ, చైనును పూర్తిగా కప్పే డబ్బా పెట్టుకునే వీలు పోతుంది. హబ్ గేర్ల సుఖంలో సగం ఆ చైను డబ్బాలోనే ఉందని నేననుకుంటాను, ఎందుకంటే దాని వల్ల పంచె అంచూ, చుడీదారూ, ప్యాంటూ నూనె మరకలు అంటకుండా ఉంటాయి, వాన నీళ్లు చైను దాకా చేరవు.

డిస్కు సంగతి ఇక్కడే అడ్డం వస్తుంది. వెనుక డిస్కును పట్టే క్యాలిపర్ ఫ్రేముకు కదలకుండా బిగించి ఉంటుంది. అడ్డగాడిలో చక్రాన్ని కొద్దిగా వెనక్కి జరిపినా డిస్కు అంచు ప్యాడ్ల నుంచి జరిగిపోతుంది, క్యాలిపర్‌ను మళ్లీ సరిచేయవలసి వస్తుంది. దీనికి సరైన పరిష్కారాలు రెండే. గాడీ క్యాలిపరూ కలిసి ఒకే పలక మీద జరిగేలా ఫ్రేమును తయారు చేయడం ఒకటి. పెడల్ ఇరుసు కూర్చున్న గొట్టాన్నే కొద్దిగా తిప్పి చైను బిగించుకునే ఏర్పాటు మరొకటి. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉన్న ఫ్రేము దొరికితే హబ్ గేర్లనూ వెనుక డిస్కునూ నిశ్చింతగా కలిపి తీసుకోండి. దొరకకపోతే ముందు చక్రానికి మాత్రమే డిస్కు పెట్టించి, వెనుక రిమ్ము బ్రేకునే ఉంచుకోవడం మేలు. గట్టిగా ఆపేటప్పుడు బరువంతా ముందుకు వాలి, వెనుక చక్రం దాదాపు తేలిపోతుంది, సైకిలును ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. కాబట్టి ముందు డిస్కూ వెనుక రిమ్ము బ్రేకూ కలిసిన సైకిలును తక్కువరకంగా చూడనక్కరలేదు. అయితే ముందు ఫోర్కు డిస్కు కోసమే తయారైనదై ఉండాలి, మామూలు ఫోర్కుకు పట్టీలతో క్యాలిపర్ తగిలించడం ప్రాణాపాయం.

## గేర్ల హబ్బులు ఒక్కొక్కటిగా

కింది పట్టికలో మొత్తం పరిధి అంటే అతి బరువైన గేరు అతి తేలిక గేరుకు ఎన్ని రెట్లో చెప్పే శాతం. 700 కొలత రిమ్ముకు 35 మి.మీ. వెడల్పు టైరు వేసి, నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే వచ్చే వేగాన్ని నేను లెక్కకట్టి ఇచ్చాను. ముందు, వెనుక పళ్ల సంఖ్య మారిస్తే ఈ వేగాలూ మారతాయి.

| హబ్బు | గేర్లు | మొత్తం పరిధి | ముందు, వెనుక పళ్లు | తేలిక గేరులో వేగం | బరువు గేరులో వేగం |
|---|---|---|---|---|---|
| స్టర్మీ ఆర్చర్ | 3 | 178 శాతం | 44, 22 | 16 కి.మీ. | 28 కి.మీ. |
| షిమానో నెక్సస్ | 7 | 244 శాతం | 38, 19 | 13 కి.మీ. | 32 కి.మీ. |
| షిమానో నెక్సస్, అల్ఫైన్ | 8 | 307 శాతం | 38, 20 | 10 కి.మీ. | 32 కి.మీ. |
| షిమానో అల్ఫైన్ | 11 | 409 శాతం | 39, 20 | 11 కి.మీ. | 44 కి.మీ. |
| రోలాఫ్ స్పీడ్‌హబ్ | 14 | 526 శాతం | 42, 16 | 8 కి.మీ. | 40 కి.మీ. |

మూడు గేర్లవి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1902లో మొదలైన స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఈ రకానికి పేరుపడింది. ఆ పేరు 2000లో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వచ్చినప్పటి నుంచి హబ్బులు అక్కడే తయారవుతున్నాయి. మధ్య గేరు సూటిగా నడుస్తుంది, అంటే వెనుక పళ్ల చక్రం ఒకసారి తిరిగితే సైకిలు చక్రమూ ఒకసారే తిరుగుతుంది. మిగతా రెండిటిలో ఒకటి నాలుగో వంతు తేలిక, ఒకటి మూడో వంతు బరువు. చదును నేల మీద, ఎదురుగాలి ఉన్నప్పుడు ఒకటి, వెనుక గాలి ఉన్నప్పుడు ఒకటి చాలు. దీని లోపలి నిర్మాణం సరళమైనది, ఓపికున్న మెకానిక్కు విప్పి మళ్లీ బిగించగలడు. హైదరాబాద్ గుట్టలకు మాత్రం ఇది చాలదు.

ఏడు, ఎనిమిది గేర్లవి. నగర ప్రయాణానికి ఇదే సరైన చోటు. ఏడు గేర్ల నెక్సస్‌కూ ఎనిమిది గేర్ల నెక్సస్‌కూ పేరులో ఒక్క గేరే తేడా కనిపించినా, అసలు తేడా కింది భాగంలో, అంటే ఎక్కుళ్లలో, తెలుస్తుంది. మీ దారిలో ఒక్క మంచి ఎక్కుడున్నా ఎనిమిదే తీసుకోండి. ఎనిమిది గేర్ల నెక్సస్‌కూ అల్ఫైన్‌కూ గేర్ల నిష్పత్తులు ఒకటే. అల్ఫైన్ డిస్కు కోసమే రూపొందింది, నెక్సస్‌లో డిస్కుకు, రోలర్ బ్రేకుకు, వెనక్కి తొక్కితే పట్టే బ్రేకుకు వేర్వేరు రకాలున్నాయి కాబట్టి కొనేటప్పుడు ఏ రకమో చూసుకోవాలి. ఇందులో అయిదో గేరు సూటిగా నడుస్తుంది. పై లెక్కలో ఆ గేరులో వేగం గంటకు 20 కి.మీ. దగ్గర పడుతుంది, అంటే మీరు ఎక్కువసేపు ఉండే గేరులోనే రాపిడి అతి తక్కువ. గేర్ల మధ్య అంతరాలు సమానంగా ఉండవు. ఒకటి నుంచి రెండుకు, అయిదు నుంచి ఆరుకు 22 శాతం దూకుడుంటుంది, మిగతావి 14 నుంచి 18 శాతం లోపు. అయిదు, ఆరు మధ్య ఆ దూకుడు వేగంగా తొక్కేవారి కాళ్లకు తెలుస్తుంది. ఆఫీసుకు వెళ్లేవారు కొద్ది రోజుల్లో దాన్ని మరిచిపోతారు.

పదకొండు గేర్లది. మొదటి రెండు గేర్ల మధ్య 29 శాతం అంతరం ఉన్నా, ఆ తరువాత అన్నీ 13, 14 శాతం చొప్పున దగ్గరదగ్గరగా నడుస్తాయి. లోపల గ్రీజుకు బదులు నూనె ఉంటుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, ఆపైన 5000 కిలోమీటర్లకో రెండేళ్లకో ఒకసారి ఆ నూనె మార్చాలి. వైరు బిగువు ఎనిమిది గేర్లదానికంటే ఖచ్చితంగా ఉండాలి, కొద్దిగా తప్పినా లోపలి పళ్లు జారి దెబ్బతింటాయి. వంపు హ్యాండిల్ కావాలనుకునేవారికి దీని ఎలక్ట్రానిక్ రకం ఒక దారి చూపిస్తుంది, కానీ ఖర్చు బాగా పెరుగుతుంది. ఎక్కుడుకు కావలసిన తేలిక గేరు ఎనిమిదిలోనూ పదకొండులోనూ దాదాపు ఒకటేనని పట్టిక చూస్తే తెలుస్తుంది. పదకొండులో అదనంగా దక్కేది పైభాగం వేగం, ఆఫీసు దారిలో దాని అవసరం రాదు. అందుకే చాలామందికి నేను ఎనిమిదినే సూచిస్తాను.

రోలాఫ్. జర్మనీలో తయారయ్యే ఈ పద్నాలుగు గేర్ల హబ్బు దేశాలు దాటి సైకిలు యాత్రలు చేసేవారికి ఎంతో విశ్వాసపాత్రమైనది. ప్రతి గేరుకూ మధ్య సమానంగా 13.6 శాతం తేడా, అయిదు రెట్లకు పైగా పరిధి, ఏటా లేక 5000 కిలోమీటర్లకు ఒకసారి నూనె మార్పు. వెయ్యి యూరోలకు పైబడే ధర ఒక్కటే కాదు, దీనికి బిగించే డిస్కు కూడా నాలుగు బోల్టులతో ప్రత్యేకంగా ఉంటుంది, మామూలు డిస్కు పట్టదు. దూరయాత్రల ఉద్దేశం లేనివారికి ఇది అవసరం లేదు.

గేర్లు మెట్లుగా కాక నునుపుగా మారే ఎన్వియోలో రకం కూడా ఉంది. వాడకం ఎంతో హాయి, బరువు మాత్రం రెండు కిలోలకు పైనే. వెనుక చక్రంలో మోటారు ఉన్న ఎలక్ట్రిక్ సైకిలుకు ఇవేవీ కుదరవు, ఎందుకంటే మోటారూ గేర్లూ కోరేది ఆ ఒక్క హబ్బు చోటునే.

తేలిక గేరు ఇంకా తేలిక కావాలని ముందు చైన్ వీలును మరీ చిన్నది వేయించుకోకండి. పెడల్ మీద పడే అదే బలం హబ్బు లోపలి పళ్లకు మరింత ఎక్కువై చేరుతుంది. ప్రతి కంపెనీ ముందు, వెనుక పళ్ల నిష్పత్తికి ఒక కనిష్ఠ హద్దు పెడుతుంది, దాన్ని దాటి దిగితే హబ్బు పాడవుతుంది, వారంటీ కూడా పోతుంది.

## బ్రేకులు

| బ్రేకు | వానలో | చేతి శ్రమ | సంరక్షణ | హబ్ గేర్లతో పొందిక |
|---|---|---|---|---|
| రిమ్మును పట్టేది | మొదట జారి తరువాత పడుతుంది | మధ్యస్థం | చాలా సులువు, రిమ్ము అరుగుతుంది | ఏ చిక్కూ లేదు |
| డ్రమ్, రోలర్ | మార్పు లేదు | కొంచెం ఎక్కువ | దాదాపు ఏమీ లేదు | చాలా బాగుంటుంది |
| వైరు డిస్కు | బాగా పడుతుంది | మధ్యస్థం | తరచుగా సర్దుబాటు | ఫ్రేమును బట్టి |
| హైడ్రాలిక్ డిస్కు | బాగా పడుతుంది | అతి తక్కువ | అరుదుగా, కానీ ప్రత్యేక పనిముట్లతో | ఫ్రేమును బట్టి |

రిమ్ము బ్రేకు పొడి రోడ్డు మీద ఏ డిస్కుకూ తీసిపోదు. దాని లోపం తడిలో బయటపడుతుంది. రిమ్ము మీది నీటిని తుడిచాకగాని రబ్బరు పట్టదు, ఆ నీటిలో కలిసిన ఇసుక రబ్బరుకు అంటుకొని రిమ్మునే ఆకురాయిలా అరగదీస్తుంది. మంచి రిమ్ము అరిగిపోతే చక్రమంతా మళ్లీ అల్లించుకోవాలి. హబ్ గేర్ల చక్రం అల్లించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, వానాకాలమంతా తొక్కేవారికి ఈ అరుగుదలే డిస్కు వైపు మొగ్గడానికి అసలు కారణం కావాలి.

డ్రమ్, రోలర్ బ్రేకులను మన పాఠకులు తేలికగా తీసుకుంటారు, అది సరికాదు. మూసిన డబ్బాలో ఉండే ఈ బ్రేకులకు వానా బురదా తెలియవు, ఏళ్ల తరబడి పెద్దగా ముట్టుకోనవసరం లేదు. చదును ఊళ్లకు ఇంతకంటే నిశ్చింతైన బ్రేకు లేదు. పొడవైన ఘాట్ దిగుళ్లలో మాత్రం వేడెక్కి పట్టు తగ్గుతుంది. విశాఖ నుంచి అరకు ఘాట్ దారి మీదుగా తిరిగి వచ్చే సైకిలుకు వీటిని నమ్ముకోకూడదు.

వైరు డిస్కుల్లో మంచివీ చౌకవీ మధ్య తేడా చాలా ఎక్కువ. తక్కువ ధర సైకిళ్లకు ఆకర్షణ కోసం తగిలించే డిస్కు బ్రేకుకంటే, రెండు పొడవైన చేతులతో రిమ్మును పట్టే మంచి వి బ్రేకు మేలని నేను నిస్సందేహంగా చెబుతాను. చాలా వైరు క్యాలిపర్లలో ఒక ప్యాడే కదిలి, డిస్కును వంచి రెండో ప్యాడుకు ఆనిస్తుంది. కదలని ప్యాడును డిస్కుకు దగ్గరగా ఉంచడానికి మీరు ఎప్పటికప్పుడు మర తిప్పుతూ ఉండాలి. రెండు ప్యాడ్లూ కదిలే టిఆర్‌పి స్పైర్ వంటి రకాల్లో ఈ బాధ తగ్గుతుంది. వంపు హ్యాండిల్ మీటలు వైరును తక్కువ లాగుతాయి, వి బ్రేకు మీటలు ఎక్కువ లాగుతాయి. క్యాలిపర్ ఏ మీటకు తయారైనదో ఆ మీటతోనే వాడాలి, లేకపోతే పట్టు చాలదు, లేదా మీట హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది.

వైరుకు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్కును ఒక్క వేలితో పట్టవచ్చు, ప్యాడ్లు అరుగుతున్నకొద్దీ తమంతట తామే దగ్గరకు జరుగుతాయి. ట్రాఫిక్‌లో నిమిషానికోసారి బ్రేకు వేసేవారి వేళ్లకు ఇదెంత విశ్రాంతో వాడినవారికి తెలుస్తుంది. తిన్నని హ్యాండిల్ కోసం షిమానో ఎంటీ200, టెక్ట్రో కంపెనీ ప్రాథమిక రకాలు నగర వాడకానికి నూటికి నూరుపాళ్లు చాలు. షిమానో, టెక్ట్రో బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది, స్రామ్ బ్రేకుల్లో ఎక్కువ భాగం డాట్ ద్రవంతో నడుస్తాయి. డాట్ ద్రవం మోటారు సైకిలు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది కదా అని మినరల్ ఆయిల్ బ్రేకులో పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పనికిరాకుండా పోతాయి. కొన్న రోజే ఏ ద్రవమో మీట మీద చదివి రాసిపెట్టుకోండి.

డిస్కు ఎంత వెడల్పుండాలన్నది తేలిక ప్రశ్న. ముందు 160 మి.మీ. చాలామందికి చాలు. బరువైన మనిషి, క్యారియర్ మీద సామాను, వెనుక సీటులో పిల్లవాడు, పైగా దిగుడు దారి ఉంటే ముందు 180 పెట్టించుకోండి, అయితే ఫోర్కు అంత పెద్దదాన్ని అనుమతిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. డిస్కును హబ్బుకు బిగించే పద్ధతి అల్ఫైన్‌లో సెంటర్‌లాక్, అంటే మధ్యలో ఒకే వలయంతో బిగుస్తుంది. ఆరు బోల్టుల డిస్కు మీ దగ్గర ఉంటే అది నేరుగా పట్టదు.

## ఏ పాఠకుడికి ఏది

కోస్తా చదును ఊళ్లలో కాలేజీకీ, బజారుకూ, పొలం గట్టుకూ తిరిగేవారు మూడు గేర్ల హబ్బు, వెనుక డ్రమ్ బ్రేకు, పూర్తి చైను డబ్బా కలిసిన సైకిలు కోసం చూడండి. డిస్కు కోసం తపన పడనక్కరలేదు. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టే చోట మూసిన వ్యవస్థ ఏదైనా తెరిచినదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

హైదరాబాద్‌లో రోజూ పది కిలోమీటర్ల లోపు ఆఫీసుకు వెళ్లేవారికి ఎనిమిది గేర్ల హబ్బు, తిన్నని హ్యాండిల్, ముందు హైడ్రాలిక్ డిస్కు సరిపోతాయి. చైను బిగువుకు సరైన ఏర్పాటు ఫ్రేములో ఉంటే వెనుక కూడా డిస్కు పెట్టించుకోండి. మన దుకాణాల్లో సిద్ధంగా ఇలాంటి సైకిలు దొరకడం కష్టం. హబ్బు తెప్పించి చక్రం అల్లించుకోవలసి వస్తే, ఆ ఖర్చుతో ఒక మంచి డిరైలర్ సైకిలు కొని ఏటా చైను మార్చుకోవచ్చన్న లెక్క కూడా వేసుకోవాలి. ఆ లెక్కలో డిరైలరే గెలిస్తే చిన్నబుచ్చుకోకుండా దాన్నే తీసుకోండి, డిస్కును మాత్రం వదులుకోకండి.

వేగం కోసం రోడ్ సైకిలు తొక్కేవారు హబ్ గేర్ల ఆలోచన మానుకోవడం మంచిది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర కప్పు సైకిలు దారి వంటి చోట గుంపుగా తొక్కేటప్పుడు గేర్ల మధ్య అంతరాలు ఎంత దగ్గరగా ఉంటే కాళ్లకు అంత సుఖం. ముందు 50, 34 పళ్లు, వెనుక 11 నుంచి 34 దాకా ఉన్న మామూలు డిరైలర్‌తో 455 శాతం పరిధి తక్కువ బరువులోనే దక్కుతుంది. వీరికి డిస్కు మాత్రం కచ్చితంగా ఉపయోగమే. రోడ్ పందేల్లో డిస్కులను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2018లో పూర్తిగా అనుమతించిన తరువాత కొత్త రోడ్ సైకిళ్లు చాలావరకు వాటితోనే వస్తున్నాయి.

నెదర్లాండ్స్, జర్మనీ వంటి దేశాల్లో ఉంటున్న తెలుగువారి పరిస్థితి వేరు. అక్కడ నెక్సస్ హబ్బులు వీధి వీధినా కనిపిస్తాయి, మెకానిక్కులకూ అలవాటే, పాత సైకిళ్ల బజారులోనే మంచివి దొరుకుతాయి. వాడిన సైకిలు కొనేటప్పుడు ప్రతి గేరులోనూ గట్టిగా తొక్కి చూడండి, ఏ గేరులోనైనా పెడల్ ఒక్కసారిగా జారితే ముందు వైరు సర్ది చూడాలి, అప్పటికీ జారితే వదిలేయాలి. స్రామ్ కంపెనీ హబ్ గేర్ల తయారీ మానేసింది కాబట్టి ఆ పేరున్న హబ్బు ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దు. కొన్న సైకిలును ఇండియాకు తెచ్చుకోవాలనుకుంటే, దాంతోపాటు గేరు వైరు, ఇరుసు తిరిగిపోకుండా గాడిలో కూర్చునే వాషర్లు, వెనుక పళ్ల చక్రం, దాన్ని పట్టే వలయం అదనంగా తెచ్చుకోండి. ఈ చిన్న వస్తువులు ఇక్కడ దొరకకే మంచి హబ్బులు మూలపడుతున్నాయి.

## కొన్నాక చేయవలసిన పనులు

గేరు సర్దుబాటు భయపడవలసినంత పని కాదు. ఎనిమిది గేర్ల షిమానో హబ్బులో మీటను నాలుగో గేరులో పెట్టి చూస్తే, హబ్బు పక్కన రెండు పసుపు గీతలు కనిపిస్తాయి. అవి ఒకదానికొకటి ఎదురుగా లేకపోతే మీట దగ్గరి మర తిప్పి కలపాలి. పదకొండు గేర్లదానిలో ఇదే పనిని ఆరో గేరులో చేస్తారు. గేరు మార్చేటప్పుడు అరక్షణం పెడల్ మీద బలం సడలించే అలవాటు చేసుకుంటే హబ్బు ఆయుష్షు బాగా పెరుగుతుంది.

డిస్కు మీద గానీ ప్యాడ్ల మీద గానీ చైను నూనె చుక్క పడనివ్వకండి. స్ప్రే నూనెను సైకిలు దగ్గర అసలు వాడవద్దు, చైనుకు చుక్కలుగానే వేయండి. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవవచ్చు, నూనె పీల్చుకున్న ప్యాడ్లను మాత్రం మార్చడమే దారి. కొత్త ప్యాడ్లు వేశాక, ఖాళీ రోడ్డు మీద వేగం అందుకొని, పూర్తిగా ఆగకుండా నెమ్మదించేలా పదేపదే బ్రేకు వేస్తే పట్టు వస్తుంది. షిమానో కొలతల ప్రకారం ప్యాడు పదార్థం అర మిల్లీమీటరుకు తగ్గినా, డిస్కు మందం 1.5 మి.మీ.కు చేరినా మార్చవలసిందే.

వెనుక చక్రం పంక్చరయితే 15 నంబరు పానా కావాలి, అది లేకుండా హబ్ గేర్ల సైకిలు ఇంటి గుమ్మం దాటకూడదు. ముందు మీటను వైరు వదులయ్యే గేరులో పెట్టి, హబ్బు దగ్గర వైరు కొసను విడదీయాలి, తరువాత నట్లు వదులు చేసి చక్రాన్ని తీయాలి. చక్రం బయట ఉన్నంతసేపూ హైడ్రాలిక్ బ్రేకు మీటను నొక్కకూడదు, నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి డిస్కు మళ్లీ దూరదు. బ్రేకుతోపాటు ఇచ్చే ప్లాస్టిక్ ముక్కను ప్యాడ్ల మధ్య పెట్టుకుంటే ఆ ప్రమాదం ఉండదు. తిరిగి బిగించేటప్పుడు ఇరుసు తిరిగిపోకుండా పట్టే ఆ ప్రత్యేక వాషర్లు తీసిన పక్కనే, తీసిన దిక్కులోనే పెట్టాలి. ఈ పనంతా ఒకసారి ఇంట్లో, పంక్చరు లేనప్పుడు, వెలుతురులో చేసి చూసుకోండి.